షాక్ కొట్టని చదువు

మా చిన్నప్పుడు... పాశమైలారంలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా ముందు మా నాయన కోసమే కబురొచ్చేది. ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. జేబులో పెన్ను లేకపోయినా టెస్టర్ ఉండాల్సిందే.

నేనప్పుడు పదో తరగతి. ఇంటర్‌లో ఫిజిక్స్ తీసుకుంటానంటే ససేమిరా అన్నాడు.

"అణువులు గిణువులు... గవన్నీ బాంబుల సదువులు. ఆడపిల్లకెందుకు బిడ్డా? పరీక్షలు కాంగనే మా ఫ్యాక్టరీల ప్యాకింగ్‌కు పెట్టిస్త."

రెండు రోజులు అన్నం మీద అలిగాను. మా నాయన ఇంచు కూడా కదల్లేదు.

ఆ వారమే మా బడికి ఒక పెద్ద శాస్త్రవేత్త వచ్చారు. రిటైరైన మనిషి, బతుకంతా న్యూట్రాన్ల మీదే పరిశోధన చేశారట. మైకు గీ పెడుతుంటే హెడ్మాస్టరు మా నాయనను పిలిపించారు. బాగుచేసి, పక్కనే నిలబడి వింటున్నాడు.

"న్యూట్రాన్‌కు ఛార్జ్ ఉండదు. అందుకే పరమాణువులోని విద్యుత్తు దాన్ని అడ్డుకోలేదు. ఇనుము లోపలికి కూడా వెళ్లి, అక్కడ ఏముందో చెబుతుంది," అంటున్నారాయన.

మా నాయన ఉండబట్టలేకపోయాడు.

"సారూ, గది మా న్యూట్రల్ వైరే గదా? షాక్ కొట్టది... గని అది లేకుంటే బల్బు ఎలగది!"

హాలంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"రెండూ వేరే, అన్నా... కానీ పేరుకు చుట్టాలే," అన్నారు.

'వేరే' అన్న మాట మా నాయన చెవిన పడనే లేదు! ఇంటికి వస్తూ సైకిల్ తొక్కుతూనే అన్నాడు: "న్యూట్రల్ సదువైతే సదువు బిడ్డా. షాక్ కొట్టది."

వెనక కూర్చున్నా, దిద్దలేదు నేను...

ఇప్పుడు నా ఉద్యోగం అదే. న్యూట్రాన్లను లోహంలోకి పంపి లోపలి లోపాలు వెతుకుతాను. నాకు పని నేర్పినవాళ్లంతా ఆ పెద్దాయన శిష్యులే. ఆయన లేరు. ఆయన నేర్పిన పద్ధతి మాత్రం మా చేతుల్లో దివ్యంగా నడుస్తోంది. నా తర్వాత చేరిన పిల్లలకు నేనే నేర్పుతున్నాను.

మా నాయన నేటికీ చాయ్ హోటల్లో చెబుతుంటాడు, "మా బిడ్డ న్యూట్రల్ల పెద్ద నౌకరి జేస్తది" అని.

ఈ రోజుల్లో ఎవరు ఒక్క మాట తప్పుగా అన్నా పక్కవాళ్లు ఫోన్ తీసి అక్కడికక్కడే దిద్దేస్తున్నారు... ఆ రోజు మా నాయనను అలా దిద్ది ఉంటే, నేను ప్యాకింగ్‌లోనే ఉండేదాన్ని.

మీ ఇంట్లోనూ ఇలాంటి మంచి పొరపాటు ఏదైనా ఉంటే కింద రాయండి... నేను దిద్దను.