టైట్ అంటే ఎంత టైట్

మరిపెడ చుట్టూ పద్దెనిమిది ఊళ్లలో బోరింగు పాడైతే ముందు నాకే కబురొచ్చేది. గొప్పకు రాయడం లేదు. గొప్పకు రాసినా తప్పేమీ లేదు. మూడో తరగతి దాకానే చదివిన యాకమ్మను నేను. మా బడిలో ఇంగ్లీషు చెప్పలేదు. 'టైట్' అన్న ఒక్క మాటను మాత్రం పానా పట్టుకుని నేర్చుకున్నాను.

అప్పటికే ఆ మాట ఊరంతా వాడుతోంది. రవిక పట్టకపోతే టైట్. బస్సులో కాలు పెట్టే జాగా లేకపోతే టైట్. నవ్వని పంతులు టైట్. ఇక నట్టు దగ్గరికొస్తే, ఎంత బిగిస్తే అంత మంచిదని మగవాళ్ల నమ్మకం.

1986 ఎండాకాలం. మా వాడకున్న ఒక్క బోరింగు ఆగి నాలుగు రోజులైంది. మరమ్మతు పని నేర్చుకున్నది ఇద్దరం: నేను, వరసకు మరిది అయ్యే కట్టయ్య. ఇంజనీరు సారు సామాన్ల పెట్టె దింపి, "ఎవరు నీళ్లు తెస్తే పెట్టె వాళ్లది. పనీ వాళ్లదే" అన్నారు.

ముందు కట్టయ్య దిగాడు. నలుగురి సాయంతో పైపులు లాగి, సిలిండరులో కొత్త తోలు వాచర్లు పొడిగానే వేశాడు. పానా మీద ఎక్కి నిలబడి మరీ వాటి నట్టు బిగించాడు.

"చూడు వదినా, ఇగ కదిలితే నన్నడుగు!"

నిజమే, కదలలేదు. బోరింగు పిడి కూడా కదలలేదు.

నేను మళ్లీ అంతా విప్పించాను. ముందు రోజు నుంచి ఆముదంలో నాని మెత్తబడిన వాచర్లను డబ్బాలోంచి తీశాను.

"ఏందే, బోరింగు తలకు నూనె పెడుతున్నవా?" అంది బిందెతో నిలబడ్డ మొగిలమ్మక్క.

"అవునక్కా, ఎండకు దాని తల తిరిగింది."

నట్టు బిగిస్తూ, తోలు ఉబ్బకముందే ఆపాను. సిలిండరు లోపల వాచరు తోస్తే జరగాలి, వదిలితే జారకూడదు.

"గంత లూజా? నీళ్లు కిందనే ఉంటయి" అని నవ్వాడు కట్టయ్య.

"నీ చెప్పు ఎంత టైట్ ఉండాలె కట్టయ్యా? నడవాల్నా, వద్దా?"

పైపుల అతుకుల దగ్గర మాత్రం ఒంట్లో బలమంతా పెట్టి బిగించాను. అక్కడ చుక్క కూడా కారకూడదు.

పిడి పట్టుకున్నాను. ఇరవై కొట్టాను. గాలి. ముప్పై. గాలే. "చాలు తియ్" అన్నారెవరో. పిడి వదల్లేదు. నలభై దాటాక గొట్టం గురక పెట్టి, ఎర్రటి నీళ్లు కక్కి, తేటపడింది. బిందెల మోతలో సారు ఏమన్నారో వినపడలేదు గానీ, పెట్టెను నా వైపు జరిపారు.

"బరువున్నది వదినా, నేను తెస్త" అన్నాడు కట్టయ్య.

ఇవ్వలేదు. నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా నేనే మోశాను.