స్వామి పాదాల కింద ఫోన్ నంబరు

ఆక్సిజన్ సిలిండర్లు అద్దెకిచ్చే ఇంట్లో ఫోను మోగితే ఒక భయం, మోగకపోతే ఇంకో భయం. మోగిందంటే ఎవరికో ఊపిరి అందడం లేదన్నమాట. మోగకపోతే, ఊపిరి అందనివాళ్లకు మన నంబరు దొరకడం లేదేమోనని గుబులు. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నా నాకు ఆ గుబులు పోలేదు. మా ఆయనకు అలాంటి ఫికరేమీ ఉండేది కాదు. భారమంతా ఏడుకొండలవాడి మీద వేసి గుర్రుపెట్టి నిద్రపోయే మనిషి. ఆయన పడాల్సిన భయం కూడా నేనే పడేదాన్ని.

ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన ఒక చిన్న షట్టరు దుకాణంలో మొదలుపెట్టాం. ఇంట్లోనే మంచం పట్టినవాళ్లకు సిలిండర్లూ, కరెంటు మీద నడిచే ఆక్సిజన్ మిషన్లూ అద్దెకిచ్చేవాళ్లం. మిషన్ తీసుకున్నవాళ్లకు, కరెంటు పోతే వాడుకోమని ఒక సిలిండరు కూడా ఇచ్చేవాళ్లం. ప్రతి సిలిండరు మీదా మా ల్యాండ్‌లైన్ నంబరు స్టిక్కరు అంటించి ఉండేది. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేయడంలో షట్టరు పోయింది. నాచారం మారాం. ల్యాండ్‌లైన్ నంబరు మారింది. జనం ఇళ్లలో ఉన్న సిలిండర్ల మీద మాత్రం పాత స్టిక్కర్లే ఉండిపోయాయి.

కొత్త నంబరు అందరికీ తెలియాలంటే వెబ్‌సైట్ పెట్టుకోవాలని నేనే అన్నాను. నాచారంలో మా గల్లీ చివర ఒకావిడ నెట్ సెంటర్ నడిపేది. చంటిపిల్లను కౌంటరు మీద కూర్చోబెట్టుకుని వెబ్‌సైట్లు కూడా చేసేది. నన్ను అక్కా అని, మా ఆయన్ని అన్నా అని పిలిచేది. నెమ్మదస్తురాలు. మా ఆయనతో పని పడ్డాక ఆ నెమ్మది ఎంతకాలం ఉంటుందోనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మొదటి పేజీలో వెంకటేశ్వరస్వామి పటం పెట్టాలన్నాడు మా ఆయన. దానికెవరూ అడ్డు చెప్పలేదు. దుకాణం తెరవగానే దేవుడు కనపడటం మామూలే కదా. గొడవంతా నంబరు ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది.

"అన్నా, నంబర్ మీద పెడదాం, పెద్దగ. పేషెంటోళ్లు తొందరల ఉంటరు. పటం జర చిన్నగ జేసి పక్కకు పెడ్త," అంది ఆవిడ.

మా ఆయన ముఖం ఎర్రబడింది. "దేవుని నెత్తి మీద నంబర్ పెడ్తవా? ఏం మాటమ్మా అది! నంబర్ స్వామి పాదాల కింద ఉండాలె."

"గంత పెద్ద పటం ఫోన్‌ల దిగాల్నంటే మస్తు టైం పడ్తదన్నా. పోనీ మొఖం వరకు ఉంచి కింద కోసేద్దాం..."

"స్వామిని కోస్తవా?" అని రెండు చెవులూ మూసుకున్నాడు.

ఆవిడ నా వైపు చూసింది. నేనేమనను? ఇంట్లో ఏ చిన్న మాటకైనా ఆయన మీద ఇంతెత్తున లేచే నేను, ఆ మాట దగ్గర నోరు మెదపలేకపోయాను. అద్దెకిచ్చేది ఊపిరి. అలాంటి వ్యాపారంలో దేవుడితో పేచీ పెట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? పటం కిరీటం నుంచి పాదాల దాకా అలాగే ఉంది, పిసరంత కూడా తగ్గించకుండా. నంబరు పాదాల కిందికి వెళ్లింది. దానికి తోడు పేజీ తెరవగానే సన్నాయి మోగాలన్నాడు. అదీ పెట్టించాడు.

మంచి ముహూర్తం చూసి కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి వెబ్‌సైట్ తెరిచాం. మా ఆయన హారతి వెలిగించబోతే నా పైప్రాణాలు పైనే పోయాయి. "చుట్టూ ఆక్సిజన్ సిలిండర్లు పెట్టుకొని నిప్పేందయ్యా! అందర్నీ ఒకేసారి కొండకు తోలుకపోతవా?" అని కర్పూరం పళ్లెం లాక్కుని రోడ్డు మీదికి ఉరికాను. హారతి రోడ్డు మీదే ఇచ్చాడు, ఆటోలవాళ్లు చూసి నవ్వుతుండగా.

మా షాపు కంప్యూటర్‌లో ఆ పేజీ టక్కున వచ్చేసేది. ఒకసారి దిగిన పటాన్ని ఆ కంప్యూటరు దాచిపెట్టుకుంటుందట, అందుకని. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, ఎంత బాగా నడుస్తోందో చూడు అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాళ్లం. మా ఆయన ఎప్పుడు పేజీ తెరిచినా ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టేవాడు. షాపు మధ్యలో ఆ చెప్పులు తట్టుకుని నేను రెండుసార్లు పడబోయాను కూడా.

అవి ఉద్యమం రోజులు. బంద్ అంటే బందే. ఒక బంద్ రోజున షట్టరు సగం దించి లోపల కూర్చున్నాం. పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు. నేను ఫోను వంకే చూస్తున్నాను. ఊరంతా కరెంటు పోయింది. మా మిషన్లు పెట్టుకున్న ఇళ్లలో మిషన్లు ఆగిపోయి ఉంటాయి. అందరూ సిలిండర్లు వాడుతూ ఉంటారు. మరి ఒక్కరూ ఫోన్ చేయరేం?

"ఫోన్ రాలేదంటే అందరు మంచిగున్నట్టే," అన్నాడు ఆయన.

రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకుని చూశాను. డయల్ టోన్ వస్తోంది. లైను బాగానే ఉంది. అప్పుడు నా భయం ఇంకా పెరిగింది.

అంతలో షట్టరు కింద నుంచి ఒకతను వంగి లోపలికి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. అతనిది అంబర్‌పేట్. వాళ్ల అత్తగారికి మా మిషను, సిలిండరు ఇచ్చాం.

"అమ్మా, మీ షాపు దొరకపట్టనీకి పానం పోయింది! సిలిండర్ మీద నంబర్ కొడ్తే మోగుతనే లేదు. మిషన్ తెచ్చిన మీ డ్రైవర్‌కు కొడ్తే పని ఇడిసిపెట్టి ఊరికొచ్చిన అంటడు. అంబులెన్సోళ్లు బంద్‌ల లేటైతదన్నరు. మా ఇంటామె ఫోన్‌ల మీ సైట్ తీసింది. గంట సేపటి సంది దేవుడే వస్తుండు, నంబర్ వస్తలేదు! ఉప్పల్ పోయి, ఛాయ్ దుకాణపాయన్ను అడిగి గిట్లొచ్చిన. నేను బయలెల్లినప్పుడే సిలిండర్ మీటర్ ముల్లు ఎర్రగీత కాడ ఉండె!"

మా ఆయన చేతిలో పేపరు ఎప్పుడు జారిపోయిందో, నిండు సిలిండరు ఎప్పుడు భుజానికెత్తాడో నేను చూడనేలేదు. ట్రాలీ ఆటోలో సిలిండర్ పెట్టి తాడు కట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. అతను తన బండి మీద ముందు బయలుదేరాడు.

దారి పొడుగునా అతని భార్య నంబరుకు నా సెల్ నుంచి కొడుతూనే ఉన్నాను. ఎన్నిసార్లు కొట్టినా, మీరు కాల్ చేసిన కస్టమర్ ప్రస్తుతం అందుబాటులో లేరు అన్న గొంతే. ముల్లు ఎర్రగీత దాటితే సిలిండర్‌లో ఎంత గాలి ఉంటుందో నాకు తెలుసు. ఆ అమ్మాయి ఫోన్ ఎందుకు కలవడం లేదో మాత్రం తెలియదు. ఇక ఫోన్‌తో పనిలేక కట్టేసిందా? తల్లి పక్కన కూలబడిపోయిందా? అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజుల్లో ఆ ఫోన్లలో నెట్ నడుస్తుంటే కాల్ లోపలికి వెళ్లేది కాదు. మా నంబరు కోసం ఆమె మా పేజీని తెరిచి పట్టుకుని ఉంది కాబట్టే నేను చేసిన ఫోను ఆమెకు చేరలేదు. మా పటమే మాకు అడ్డంగా నిలబడింది.

మా ఆయన స్టీరింగ్ పట్టుకుని గోవిందా గోవిందా అంటున్నాడు. "గోవింద తర్వాత, ముందుగాల గేరెయ్యి!" అని అరిచాను. నామం మధ్యలోనే ఆపి గేరేశాడు. ఆయన దేవుడి పేరు మధ్యలో ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. ఈ మనిషికి కూడా భయమేసిందంటే ఇక అయిపోయినట్టే అనిపించింది.

హబ్సిగూడ దగ్గర రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. దాని ముందర టైర్లు కాలుతున్నాయి. గాలికి నిప్పురవ్వలు లేస్తున్నాయి. వెనక మా సిలిండరు. నేను ఆటో ఆగకముందే దూకి, చేతులు రెండూ ఎత్తి అరిచాను.

"అన్నా, ఆక్సిజన్! పేషెంట్ కాడికి పోతున్నం! నిప్పు దూరం జరుపున్రి, మీ కాళ్లు మొక్కుత!"

అక్కడున్న వాళ్లు ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. "అరే, నీళ్లు పోయిన్రిరా!" అని ఒకాయన కేకేశాడు. కర్రలతో టైర్లను పక్కకు లాగారు. తాడు విప్పారు. ఆ కేకేసినాయనే జెండా పట్టుకుని మా ఆటోకు ముందు ఉరుకుతూ, "దారియ్యిన్రి, దారియ్యిన్రి" అని రామంతపూర్ మలుపు దాకా తీసుకుపోయాడు. ఆయనెవరో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అంబర్‌పేట్‌లో వాళ్ల గల్లీ ఇరుకు. ఆటో పట్టలేదు. ముందు బయలుదేరిన అల్లుడి బండి అక్కడ లేదు, దారిలో ఏ తాడు దగ్గర ఆపేశారో. మా ఆయన సిలిండర్ భుజాన వేసుకుని ఉరికాడు. నేను సిలిండరు తెరిచే తాళంచెవి, గాలి కొలిచే మీటరు పట్టుకుని ఆయన వెనకాల. దగ్గరకు వేసిన తలుపు దబదబా బాదుతుంటే అదే తెరుచుకుంది. లోపల పెద్దావిడ గోడకు జారగిలబడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ప్రాణం ఉందో లేదో నాకు అర్థం కాలేదు. పక్కన కూతురు సెల్‌ఫోను రెండు చేతులతో తల్లి ముందు పట్టుకుని, దాన్నే చూస్తూ ఏడుస్తోంది. మేము లోపలికి వచ్చినా ఆ ఫోను దించలేదు.

పాత సిలిండర్ విప్పి కొత్తది బిగించాం. మీటరు మర ఒక పట్టాన ఎక్కలేదు. మా ఆయన నా చెయ్యి తీసేసి తానే బిగించాడు. గాలి శబ్దం వచ్చింది. ముక్కుకు గొట్టం పెట్టాం. చాలాసేపు ఏమీ మారలేదు. తర్వాత ఆవిడ ఛాతీ ఒకసారి పైకి లేచింది. పెదాల రంగు మెల్లగా మారింది. కూతురు అప్పుడు ఫోను మంచం మీద పడేసి తల్లిని పట్టుకుంది.

ఆ ఫోను వెలుగుతూనే ఉంది. అందులో మా స్వామి ఉన్నాడు. కిరీటం, నామం, కళ్లు, గడ్డం దగ్గర పచ్చకర్పూరం బొట్టు. అక్కడితో ఆగిపోయాడు. కిందంతా తెల్లగా ఉంది. ఇంకా మెడ రావాలి, దండలు రావాలి, వరదహస్తం రావాలి, పాదాలు రావాలి. ఆ తర్వాత మా నంబరు రావాలి. నేను మా ఆయన వైపు చూశాను. ఆయనా దాన్నే చూస్తున్నాడు.

ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టేది కాదు. పటం తీయించేయాలని ఉంది. తీయిస్తే ఏమవుతుందోనని భయంగానూ ఉంది. దేవుణ్ణి తీసేసిన మర్నాడే ఎక్కడైనా ఒక ప్రాణం పోతే? తీయకపోయినా పోతుంది కదా? ఇలా నాలో నేనే కొట్టుకుంటూ గడిపాను. పాత స్టిక్కర్లు మార్చాలనే మిషతో మళ్లీ అంబర్‌పేట్ వెళ్లాం.

పెద్దావిడ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి నవ్వింది. నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది.

"ఆ దినం ఏమైందో చెప్త ఇను బిడ్డా," అంది, మాటమాటకూ ఆగి గాలి పీల్చుకుంటూ. "నాకు దమ్ము అందుతలేదు. కండ్లు మసకలొస్తున్నయి. నా ముంగట ఎల్గు కనబడ్డది. అండ్ల కిరీటం వచ్చింది. జరసేపైనంక నామం వచ్చింది. మల్ల జరసేపటికి కండ్లు. అప్పుడు నాకు సమజైంది. సామి నన్ను తీస్కపోనీకే వస్తుండు, మొత్తం వచ్చిండంటే నా పని అయిపోయినట్టే అని."

కూతురు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా బిడ్డేమో పక్కన కూసోని, జల్ది రా సామీ, జల్ది రా అని ఏడుస్తుంది. నేనేమో మనసుల, రాకు సామీ, ఇంకొంచెం కూడ రాకు అని మొక్కుతున్న. ఎవరి మాటని ఇంటడు ఆయన మటుకు? గడ్డం కాడ ఆగిండు. అప్పుడు నీ మొగడు తలుపు కొట్టిండు."

అని మళ్లీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మా ఆయన గోడ వైపు తిరిగి పాత స్టిక్కరును గోటితో గీకుతున్నాడు. అది ఊడిపోయాక కూడా గీకుతూనే ఉన్నాడు.

నాచారంలో ఆయన షాపు దగ్గర ఆగకుండా గల్లీ చివరికి తీసుకుపోయి నెట్ సెంటర్ ముందు ఆటో ఆపాడు.

"అమ్మా, నంబర్ మీద పెట్టు. కిరీటం ఉన్న కాడ," అన్నాడు.

ఆవిడ ఆయన ముఖంలోకి, తర్వాత నా ముఖంలోకి చూసింది. "మరి స్వామి, అన్నా?"

"తియ్యి."

"కొంచెం చిన్నగ జేసి కిందన్న పెడ్త..."

"వద్దమ్మా. ఇంట్ల ఉన్నడు, షాపుల ఉన్నడు. అండ్ల నంబర్ ఒక్కటే ఉండాలె. సన్నాయి గూడ తియ్యి."

ఆవిడ పటాన్ని తీసేస్తుంటే మనసులోనే లెంపలేసుకున్నాను. పని అయ్యాక ఆవిడ తన సెల్‌ఫోన్ మా ఆయన చేతికిచ్చి, తెరిచి చూడమంది. ఆయన వెంటనే తెరవలేదు. ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. అప్పుడు నొక్కాడు.

నొక్కిన వెంటనే నంబరు వచ్చింది. నేనూ చెప్పులు విప్పాను.