ప్రభు భోజనానికి రాని ఆల్వినా

ఆల్వినా క్రూగర్ పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం రేడియోలో వినిపిస్తోంది. అయినా వెస్టర్‌బెండ్ ఊళ్ళో ఆమె గొంతు విన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వారంలో ఆరు రోజులు ఆమె పని డెయిరీ నేలమాళిగలో, చీకటి గదిలో. కోడిగుడ్లను ఒక్కొక్కటిగా దీపానికి అడ్డుపెట్టి, లోపల నెత్తురు చుక్క ఉంటే తీసి పక్కన పడేయాలి. గుడ్లతో మాట్లాడే పని ఉండదు కదా. ఏడో రోజు లూథరన్ చర్చిలో, గుమ్మం పైన ఉన్న చెక్క అటక మీద కూర్చుని ఆర్గన్ వాయించేది. జనం కింద బలిపీఠం వైపు తిరిగి కూర్చుంటారు. ఆమె వాళ్ళ వీపుల వెనుక, నెత్తి మీద ఉంటుంది. అందరికంటే ముందు మెట్లెక్కి, అందరూ వెళ్ళిపోయాక దిగేది.

ఆరాధన రేడియోలో రావడం మొదలైనప్పుడు సంఘం ఎంత మురిసిపోయిందో చెప్పలేం. మంచం పట్టినవాళ్ళూ, మంచులో చిక్కుకున్న పొలాలవాళ్ళూ ఇంట్లోనే కూర్చుని ప్రసంగం వినవచ్చు. కానీ రేడియోకు ఒక దుర్గుణం ఉంది. దానికి మౌనం గిట్టదు. అర నిమిషం ఏమీ వినిపించకపోతే స్టేషన్‌లోని మనిషి తీగ తెగిందనుకుని డాన్సు పాటల రికార్డు పెట్టేస్తాడు. అందుకని నెలకోసారి ప్రభు భోజనం ఇచ్చేటప్పుడు, జనం పన్నెండేసి మంది చొప్పున వెళ్ళి మోకరించి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకుని వచ్చేదాకా ఆర్గన్ ఆగకూడదన్నారు. ఆల్వినా ఆపలేదు. ఆపకుండా వాయించేవాళ్ళు దిగి వెళ్ళి మోకరించేదెట్లా?

పాత పాస్టరు గారికి ఆ సంగతి గుర్తుండేది. అందరూ వెళ్ళాక ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, ఆమెకు అక్కడే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చి, పుచ్చుకున్నవాళ్ళ పుస్తకంలో పేరు రాసుకునేవాడు. నాలుగేళ్ళ క్రితం ఆయన రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన పాస్టరు టీట్జన్ కుర్రవాడు, మంచివాడు. మెట్లెక్కాలని ఆయనకెవరూ చెప్పలేదు. ఆల్వినా కూడా చెప్పలేదు. అడిగితే ఇస్తాడు, కానీ అడగాలి కదా! మొదటి ఏడాదంతా ఆమె చేతి తొడుగులు తొడుక్కుని, బల్ల మీద పది నిమిషాలు కూర్చుని ఎదురు చూసేది. కింద ఆయన కారు కదిలిన చప్పుడు విన్నాక దిగేది. తర్వాత్తర్వాత కూర్చోవడం కూడా మానేసింది. మొహమాటం మనిషిని ఇంతగా ఎండబెడుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

పంతొమ్మిది వందల యాభై మూడు మార్చిలో ఒక శనివారం ఇద్దరు సంఘ పెద్దలు ఆమె ఇంటి తలుపు తట్టారు. ఇద్దరిలో మాట్లాడేవాడు ఒట్టో బ్రమ్మర్. రెండో ఆయన కేకు తినడానికి వచ్చినట్టున్నాడు.

"ఏమ్మా ఆల్వినా, కులాసానా? ఎలా చెప్పాలో తెలీట్లేదు," అన్నాడు ఒట్టో, టోపీ మోకాలి మీద తిప్పుతూ. "పుస్తకం చూశాం. నాలుగేళ్ళుగా నువ్వు ప్రభు భోజనానికి రాలేదు. మూడేళ్ళు దాటితే సంఘంలోంచి పేరు కొట్టేయాలని రూలు. ఎవరి మీదైనా కోపమా?"

ఆల్వినా కేకు కోయడం ఆపింది. "నేను అక్కడే ఉన్నాను కదా ఒట్టో గారూ. మీరు మోకరించినప్పుడల్లా వాయించింది నేనే కదా."

"అయ్యో, విన్నాం! వినకేం! మా ఆవిడ రోజూ మెచ్చుకుంటుంది. కానీ విన్నది పుస్తకంలో రాయరు కదమ్మా."

"మరి నేను దిగొస్తే ఎవరు వాయిస్తారు?"

ఒట్టో రెండో ఆయన వంక చూశాడు. ఆయన కేకు నమిలాడు. "అదీ నిజమే," అన్నాడు ఒట్టో చివరికి. "రూలు రూలే, రేడియో రేడియోనే. ఈస్టరు తర్వాత మీటింగు. ఈలోగా ఏదోటి చూసుకో తల్లీ."

వాళ్ళు వెళ్ళాక ఆల్వినా బల్ల సొరుగు తెరిచింది. అందులో రేడియో వినేవాళ్ళు రాసిన కార్డులు ఉన్నాయి, ఒక పెద్ద కట్ట. 'మీ సంగీతం వింటూ మంచంలోనే ప్రార్థన చేసుకుంటాను' అని ఒకామె, 'బాఖ్ స్వరాలను ఇంకొంచెం నెమ్మదిగా వాయించండి' అని ఒక పెద్దాయన. అన్నిటి మీదా చిరునామా ఒకటే: చర్చి ఆర్గన్‌కు. ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. ఆ రాత్రి ఆమె ఏడ్చింది. ఏడుపులో కోపమే ఎక్కువ.

ప్రభు భోజనానికి రాదలచినవాళ్ళు ముందు శుక్రవారం పాస్టరు ఇంటికి వెళ్ళి పేరు చెప్పుకోవాలి. ఈస్టరు ముందు శుక్రవారం ఆల్వినా వరుసలో నిలబడింది. పాస్టరు తల ఎత్తి చూసి కలం ఆపాడు.

"మీరా! మరి ఆర్గన్?"

"నాకు తెలీదండీ."

విషయమంతా విన్నాక ఆయన ముఖం ఎర్రబడింది. "క్షమించండి, ఆల్వినా గారూ. తప్పు నాది. ఆదివారం సాయంత్రం మా ఇంటికి రండి, మీకు విడిగా ఇస్తాను. రేడియో వాళ్ళకీ ఇబ్బంది ఉండదు."

"విడిగా తినడం నాకు రోజూ ఉన్నదేనండీ," అంది ఆల్వినా. తన నోటి నుంచి అంత పెద్ద మాట వస్తుందని ఆమే అనుకోలేదు. "ఇదొక్కటి అందరితో కలిసి తిందామని."

ఆయన మారు మాట్లాడకుండా పేరు రాసుకున్నాడు.

ఈస్టరు నాడు చర్చి కిటకిటలాడింది. ఆల్వినా మంచంలోంచి కార్డు రాసిన ఆవిడను తలుచుకుంటూ, పెద్దాయన కోరినట్టే నెమ్మదిగా, చివరి వరుసలవాళ్ళు లేచేదాకా వాయించింది. ఆ ముక్క పూర్తయ్యాక చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మెట్లు దిగింది. ఆ నాలుగైదు నిమిషాలూ రేడియోలో డాన్సు పాటల అకార్డియన్ మోత మోగిందని మర్నాడు ఊరంతా చెప్పుకుని నవ్వుకుంది. చర్చి లోపల మాత్రం చీమ చిటుక్కుమంటే వినిపించేటంత నిశ్శబ్దం. పదకొండేళ్ళలో మొదటిసారి, పాస్టరు ఒక్కొక్కరి ముందూ వంగి చెప్పే మాట వెనక వరుసల దాకా వినిపించింది: 'ఇది నీ కొరకు.'

ఆల్వినా వరుస చివర నిలబడింది. ముందున్న పడుచు ఇల్లాలు వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వింది.

"మా చర్చికి కొత్తగా వచ్చారాండీ?" అంది గుసగుసగా. "మేం వచ్చీ రెండేళ్ళయింది. అందరూ మంచివాళ్ళే."

ఆల్వినా అవునన్నట్టు తల ఊపింది.

ఇద్దరూ పక్కపక్కనే మోకరించారు. భుజానికి భుజం తగిలింది. రొట్టె నాలుక మీద పెట్టినప్పుడు ఆల్వినా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. లేచి వెనక్కి తిరిగాక గానీ తెలియలేదు, తనకు కూర్చునే చోటంటూ ఒకటి కింద లేదని. అందరూ తమ తమ బల్లలకు, తమవాళ్ళ దగ్గరకు వెళ్తున్నారు. ఆ ఇల్లాలే చెయ్యి పట్టుకుంది. "రండి, మా దగ్గర కూర్చోండి," అని పిల్లల్ని జరిపింది. ఆల్వినా కూర్చుంది. అటూ ఇటూ మనుషులు ఆనుకుని ఉండటం ఇంత వెచ్చగా ఉంటుందని ఆమె మరిచిపోయింది.

పాస్టరు ఆఖరి కీర్తన సంఖ్య చెప్పాడు. జనం లేచి, పుస్తకాలు తెరిచి ఆగారు. ఆర్గన్ మోగలేదు. ఒక్కొక్కరే తలలు తిప్పి అటక వైపు చూడసాగారు.

"పాపం, ఒంట్లో బాగాలేదేమో," అంది ఆ ఇల్లాలు ఆల్వినా చెవిలో. "ఎప్పుడూ ఇలా చెయ్యదండీ. ఎంత బాగా వాయిస్తుందో మీరు వినాలి."

"వస్తుంది లెండి," అని ఆల్వినా లేచి అటక మెట్ల వైపు నడిచింది.