కత్తుల కోనేటి నీళ్లు

నా చిన్నప్పుడు మా జమ్మలమడుగులో ఆడపిల్ల సైకిలెక్కిందంటే వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి నిలబడేది. ఊళ్లోకి సర్కసు దిగినట్టే! ఆ సర్కసు చేసింది మా పక్కింటి అక్క. వాళ్ల నాయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి, ఆయన సైకిలు చప్పుడు కాకుండా కళ్లంలోకి తోసుకుపోయేది. వెనక సీటు పట్టుకుని పరుగెత్తేదాన్ని నేను. పడింది, లేచింది, మోకాళ్లు గీరుకుంది, మొత్తానికి నేర్చేసింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నా కంటికి ఆమెను మించిన మనిషి ఊళ్లోనే లేదు.

అక్క వాళ్లది సేద్యగాళ్ల ఇల్లు. వాళ్ల పెద్దలు గండికోటలో బంట్లుగా ఉండి, గోల్కొండ దండు వచ్చినప్పుడు కోటగోడ మీద నిలబడి పోరాడారని ఇంట్లో అందరికీ మహా గర్వం. ఆనాటిదని చెప్పే కత్తి ఒకటి అటక మీద ఉండేది. ఏటా ఆయుధపూజ నాడు దాన్ని దించి, గండికోటలోని కత్తుల కోనేటి నీళ్లతో కడిగి పసుపు కుంకుమ పెట్టేవాళ్లు. యుద్ధం ముగిశాక బంట్లు నెత్తుటి కత్తులు కడుక్కున్నది ఆ కోనేట్లోనేనని మా వైపు చెప్పుకుంటారు. ఆ నీళ్లు ఇంటి మగవాడే తేవాలి, జీతగాళ్లను పంపకూడదు. అందుకని అక్క వాళ్ల నాయనే ఏటా సైకిలు మీద పోయి తెచ్చేవాడు.

ఆ ఏడు ఎద్దు తన్ని ఆయన కాలు విరిగింది. మగపిల్లలు లేరు. తాతల నాటి ఆచారం తన చేతుల మీద ఆగిపోతుందే అని మంచం మీద పడి ఒకటే కుమిలిపోయాడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కకు కడపకు పోయి టీచరు ట్రైనింగు చదవాలని ప్రాణం. ఆ మాటెత్తితే చాలు, ఒంటరిగా గడప దాటే ఆడపిల్ల మా ఇంట్లో పుట్టలేదని ఆయన మండిపడేవాడు. పండగనాడు తెల్లవారగానే అక్క పోయి ఆయన మంచం పక్కన నిలబడింది.

"నీళ్లు నేను తెస్తా నాయనా. సైకిలు తొక్కేది నాకొస్తాది."

ఆయన మొదట నోరు తెరిచాడు, తర్వాత నవ్వాడు. "నువ్వా? ఆ కొండదాకనా?"

"తెస్తే కడపకు పంపుతావా?"

పౌరుషం గల మనిషి, నవ్వు ఆగిపోయింది. "దీపాలు పెట్టే యాలకు తెచ్చినావంటే పంపుతా. తేలేకపోయినావా, మళ్లా ఆ మాట ఈ ఇంట్లో ఎత్తగూడదు" అనేశాడు.

ఆడపిల్లను ఒక్కదాన్నే పంపరు కదా, తోడుకు ఇంత పిల్లనైనా వెంట పెట్టాలి. అట్లా నేను వెనక సీటెక్కాను, ఒళ్లో ఇత్తడి చెంబుతో. ఊరు దాటేదాకా వెనక నుంచి ఈలలు, నవ్వులు. "యాడికి పోతాండావమ్మో, యుద్ధానికా?" అని ఒకాయన అరిచాడు. ఆమె తల తిప్పలేదు. అప్పుడు అది బండ్లబాట. ఇసుక వస్తే దిగి తోశాం, గట్టినేల వస్తే తొక్కింది. కొండ ఎక్కుడు పొడుగునా ఇద్దరం నడిచాం.

అక్క ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కోట కథలు వాళ్ల నాయన నోట విన్నదే గాని కళ్లతో చూసింది లేదు. ఇప్పుడు లోపలి మట్టిదారుల్లో సైకిలు తొక్కుతూ, ఆ కథల్లోని చోట్లన్నీ వెతుక్కుంది. ఏనుగులు కుమ్మకుండా ఇనుప ములుకులు కొట్టిన తలుపు దగ్గర నన్ను దించి, ఒక్కొక్క ములుకూ తాకి చూసింది. గోడ చెదిరిన చోట, ఇక్కడే ఫిరంగిగుండు తగిలిందని గుంటలో చెయ్యి పెట్టింది. ధాన్యపు కొట్టు చూశాం, మసీదు మినార్లు చూశాం. గోడెక్కి లోయ అడుగున పెన్న పారేది చూస్తే నాకు కళ్లు తిరిగాయి. అక్క మాత్రం అక్కడే కూర్చుని ఏదో ఆలోచించింది.

"యుద్ధం జరిగినన్ని దినాలు ఈ గోడమీదికి నీళ్లెవురు మోసింటారే? మా నాయన కతలో ఆ మాటే ల్యాదు" అంది.

నాకేం తెలుసు? ఆకలేస్తోందన్నాను. కోనేటి గట్టున జొన్నరొట్టె తిని, చెంబు నింపి, మూతికి గుడ్డ కట్టి బయలుదేరాం.

దిగుడులో చక్రం గులకరాళ్ల మీద జారింది. ఇద్దరం బోర్లాపడ్డాం. అక్క మోకాలు చీరుకుపోయింది. చెంబు దొర్లిపోయి, మేం లేచి పట్టుకునేసరికి చుక్క నీళ్లు లేవు. నాకు ఏడుపొచ్చింది. కొండ కింద బాట పక్కనే మోటబావి ఉంది, నీళ్లు తళతళలాడుతున్నాయి. అవి ముంచుకుని పోదాం, ఎవరికి తెలుస్తుంది అన్నాను.

"నాకు తెలుస్తాది గదే" అంది అక్క.

కోపంగా అనలేదు. పొద్దు వాలుతోంది, కడప చేజారిపోతోంది, నాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా సైకిలు మోట తోలేవాళ్లకు అప్పజెప్పి, నా చెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ మళ్లీ కొండెక్కింది. మళ్లీ చెంబు నింపుకుని దిగి, సైకిలు తీసుకుని ఇంటిదారి పట్టాం.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. కత్తి పీట మీద పొడిగానే ఉంది. "పొద్దు గూకింది. పందెం పోయినట్టే" అన్నాడు ఆయన. అక్క తలొంచుకుని చెంబు కింద పెట్టింది, జరిగింది చెప్పుకోలేదు. నేనూరుకుంటానా! పడింది, బావి, మళ్లీ ఎక్కింది, అంతా గబగబా కక్కేశాను.

ఆయన ఆ చెంబు వైపు చూశాడు. ఇంటినిండా చుట్టాలు. అందరి ముందరా అక్కతో అన్నాడు:

"ఆ బావి నాకూ తెలుసు పాపా. ఒక ఏడు నా చెంబూ జారిపాయె. నేను మళ్లా ఎక్కలే. ఆ బావినీళ్లే తెచ్చి కత్తికి పోసినా."

"రా, నువ్వే పొయ్యి" అని కత్తి వైపు చెయ్యి చూపించాడు. ఆ ఇంట్లో ఆ కత్తి మీద ఆడపిల్ల నీళ్లు పోయడం అదే మొదలు. అక్క చెంబు మూతికున్న గుడ్డ విప్పి పోసింది. ట్రైనింగుకు కడప బస్సెక్కించింది కూడా ఆయనే, ఊతకర్రతో బస్టాండుదాకా వచ్చి.

ఇన్నేళ్లలో ఎవరూ చూడని పనులు నేనూ ఎన్నో చేశాను. చేయి బద్ధకించినప్పుడల్లా "నాకు తెలుస్తాది గదే" అన్న అక్క మాటే చెవిలో వినబడి నన్ను లేపుతుంది. గండికోటలో కత్తి తిప్పినవాళ్ల కథలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మా మనవరాళ్లకు నేను మాత్రం, చీరుకుపోయిన మోకాలితో చెంబెడు నీళ్లకు రెండోసారి కొండెక్కిన మా అక్క కథే చెబుతాను.