కాలేషా ఇనప మిషను

నరసరావుపేట దాటి పిడుగురాళ్ళ ఇంకా రాకముందే బస్సు టైరు పగిలింది. దిగినవాళ్ళు దిగారు, దిగనివాళ్ళు కిటికీల్లోంచి డ్రైవరుకు సలహాలు చెప్పసాగారు. దిగినవాళ్ళలో గురజాల యశోదమ్మ ఒకతె. గుంటూరు నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంటున్న అట్టపెట్టెను సీట్లో వదిలిరావడానికి మనసొప్పక, చంకన పెట్టుకుని మరీ దిగింది. రోడ్డు పక్క కాస్త నీడ దొరికిందనుకునేసరికి అక్కడ కండక్టరుకూ ఒక సాయిబుకూ తగాదా నడుస్తోంది.

"మనిషికి టికెట్టు తీసుకున్నావు సరే. దీనికి లగేజీ ఎవరు కడతారు?"

"ఎందుకు కట్టాలంట? పేట నుంచీ నా ఒళ్ళోనే కూచుందిగా. చంటిపిల్లోడికి టికెట్టు కొడతావా?"

"నీ చంటిపిల్లోడు మీద పడి నా బొటనేలు చితికింది సాయిబూ!"

"పిల్లోడన్నాక అల్లరి చెయ్యడా?"

జనం నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు, నవ్వుతూనే లగేజీ రాశాడు.

ఆ చంటిపిల్లోడు నల్లటి ఇనప మద్దెలలా ఉన్నాడు. రెండు చివరలా ఇత్తడి కట్లు, అడుగున రెండు ఇనప బద్దలు, ఒక పక్క మూతి, ఇంకో పక్క తోక. సాయిబు దాన్ని భుజం మీంచి దించి, నుదుటి చెమట తుడుచుకుని, యశోదమ్మ చంకలోని పెట్టె వంక చూశాడు.

"తమరిదీ అదే జాతి అక్కా. అట్ట మీద బొమ్మ చూసి గుర్తుపట్టా. కొత్తది, ప్లాస్టిక్‌ది. పాపం."

"పాపం ఏంది?" అంది యశోదమ్మ, పెట్టెను ఇంకాస్త దగ్గరికి అదుముకుంటూ.

ఆ ప్రశ్న అడిగినందుకు టైరు మార్చేదాకా వినాల్సివచ్చింది.

ఆయన పేరు కాలేషా, ఊరు మాచర్ల. జనం గాలిమిషన్లు అనే, ఇళ్ళలో దుమ్ము లాగే మిషన్లను పాతవి కొని బాగుచేసి అమ్మడం ఆయన వ్యాపారం. పల్నాడులో దాన్ని మించిన వెర్రి వ్యాపారం లేదని ఎవరికైనా అనిపిస్తుంది గానీ, ఆలోచిస్తే దుమ్ముకు ఈ సీమను మించిన చోటేది? పిడుగురాళ్ళ దుమ్ము సున్నపు తెలుపు, మాచర్లది నాపరాతి బూడిద, వినుకొండ వైపుది ఎరుపు. మనిషి చొక్కా చూసి ఏ బస్సు దిగాడో చెప్పవచ్చు. దుమ్మునే నమ్ముకున్నవాడికి తిండికి లోటుండదు.

సాగర్ డ్యాము కట్టే రోజుల్లో కాలేషా విజయపురి సౌత్‌లో ఒక పెద్ద ఇంజనీరు బంగళాలో పనికుండేవాడు. ఆ ఇంటి దొరసాని బొంబాయి మనిషి. తివాచీల మీద గాలిమిషను తిప్పడానికి ఆయన్ను తప్ప ఎవరినీ నమ్మేది కాదు. బదిలీ అయినప్పుడు, మోసుకెళ్ళలేక, దాన్ని ఆయనకే ఇచ్చిపోయింది. దాన్ని కాలేషా నరసరావుపేటలో ఒక కంసాలికి అమ్మాడు. కొట్టు నేల మీద రాలిన బంగారపు రజను ఏరుకోవడానికి ఆ కంసాలి పొద్దుగూకులూ నేలకు ముక్కు ఆనించి ఉండేవాడు. మిషనొచ్చాక నడుం ఎత్తాడు. అక్కణ్ణుంచి కాలేషా వెనక్కి చూడలేదు. రైల్వే వాళ్ళ క్వార్టర్లలో, క్రైస్తవ మిషనరీ ఆసుపత్రుల బంగళాల్లో, దివాళా తీసిన జమీందారుల అటకల మీద వెతికి పట్టుకొస్తాడు. రేడియో రిపేరు షాపులకు, సినిమా హాళ్ళకు, ఫోటో స్టూడియోలకు అమ్ముతాడు. పరీక్ష ఒకటే. మిషను వేసి మూతికి అరచెయ్యి అడ్డం పెడతాడు. చెయ్యి విడిపించుకోవడం కష్టమైతే కొంటాడు. లోపలి గుడ్డ సంచులు భార్య జాన్‌బీ పాత పరుపు గలీబులతో రెండు పొరలుగా కుట్టి ఇస్తుంది.

"ఇంకోటుందక్కా. అమ్మాక సెలవు తీసుకోను. చెప్పకుండా పోతా. గుమ్మంలో నిలబడి సెలవన్నామా, ఇంట్లోంచి ఒకరొచ్చి బేరం మళ్ళా మొదటికి తెస్తారు."

"అయితే నువ్వు మర్యాద లేనోడివన్నమాట."

"ఉన్నోణ్ణే అక్కా. బేరమయ్యేదాకా ఎంతైనా ఉంటది."

యశోదమ్మకు నవ్వొచ్చింది. నవ్వాక మనసు తేలికయింది, తేలికయ్యాక తన గోడు వెళ్ళబోసుకుంది.

పుట్టింటివాళ్ళిచ్చిన మాగాణి అమ్మి గురజాలలో ఆమె ఒక కళ్యాణమండపం కట్టించింది. కట్టి ఏడాదైనా చిన్నచిన్న ఓణీల వేడుకలు తప్ప పెద్ద పెళ్ళి పడలేదు. ఇప్పుడు పడింది. మగపెళ్ళివారు వినుకొండవాళ్ళు. ఇంతలో అకాల వాన పట్టుకుంది. కల్లాల్లో మిరపకాయలు తడిసిపోతున్నాయని మరిది పున్నయ్య ఊళ్ళో సగంమంది కాయల్ని తెచ్చి హాల్లో పోయించాడు. అయినవాళ్ళు, వానలో కాయలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే కాదని ఎవరంటారు? కాయలు వెళ్ళిపోయాయి. నుసి ఉండిపోయింది. నేల సందుల్లో, తివాచీల్లో, కుర్చీల మఖమల్‌లో. చీపురు పెడితే ఊడ్చేది పారిపోతుంది. నీళ్ళు పోస్తే ఘాటు ఇంకా లేస్తుంది. ఈ పెళ్ళి తప్పిపోతే హాలును మిరపకాయల గోడౌనుగా అద్దెకిచ్చేద్దామని పున్నయ్యా, ఆమె భర్తా కూడబలుక్కుని కూచున్నారు.

"అందుకని కొత్త మిషను కొన్నా. రేపు మగపెళ్ళివారి పెద్ద గోపాలకృష్ణయ్యగారు హాలు చూడ్డానికొస్తన్నాడు. ఆయన పట్టింపుల మనిషి. ఒంటి తుమ్ము వినిపిస్తే కుదిరిన సంబంధం కూడా వదిలేసుకున్నాడంట."

కాలేషా నవ్వు ఆగిపోయింది. "మిరప నుసా?" అని పెట్టె వంక, ఆమె వంక చూశాడు. మాచర్ల టికెట్టున్న మనిషి గురజాలలోనే దిగాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త మిషను వేశారు. చూడముచ్చటగా ఉంది. ఎర్రటి ఒళ్ళు, కింద చక్రాలు, పిల్లి గురకపెట్టినంత చప్పుడు. తివాచీ మీద నాలుగు బారలు నడిచిందో లేదో, ఒంటి నిండా ఉన్న సన్నటి చీలికల్లోంచి నుసిని తిరిగి హాల్లోకే వదిలింది. కాలేషా, యశోదమ్మ, చూడ్డానికొచ్చిన పున్నయ్య, ముగ్గురూ కళ్ళు తుడుచుకుంటూ వసారాలోకొచ్చి పడ్డారు.

"వదినా, మిరపకాయలకి లేని ఇబ్బంది మనుషులకెందుకు? గోడౌనుకిచ్చెయ్!" అన్నాడు పున్నయ్య దగ్గుతూ.

"నువ్వు నోరు ముయ్యి మరిదీ, నుసి పోద్ది."

అప్పుడు కాలేషా తన ఇనప మద్దెలను హాలు మధ్యకు ఈడ్చాడు. "దీని గొప్పేందో తెలుసా అక్కా? మిరప నుసి ఏ సంచీలోనూ ఆగదు. అయితే ఇది పీల్చేది ఈ మూతితో, వదిలేది ఆ తోకతో. తోకకి ఇంకో గొట్టం తగిలిస్తే వదిలేదాన్ని మనం చెప్పినకాడ వదులుద్ది. కొత్తదానికి ఒళ్ళంతా తోకలే. దేనికని తగిలిస్తాం?"

తోకకు పొడుగాటి గొట్టం బిగించి, చివర వెనక కిటికీలోంచి పెరట్లోకి పెట్టాడు. గొట్టం మూతికి తడి గోనె కడితే మంచిదని యశోదమ్మ అంది.

"ఎందుకక్కా? పెరట్లో ఎవరుంటారు?"

నిజమే, ఎవరుంటారు, అనుకుంది ఆమె. పెళ్ళిళ్ళ హాలు నడిపే మనిషి మరిచిపోకూడని సంగతి ఆ క్షణాన మరిచిపోయింది. పల్నాటి పెద్దలు హాలు చూడ్డానికొస్తే వీధి గుమ్మంలోంచి రారు. ముందు పెరట్లోకి పోయి గాడిపొయ్యి చోటు, బావి నీళ్ళు చూస్తారు. భోజనాలు బాగుంటాయని నమ్మకం కుదిరాకే పందిరి సంగతి.

ఇనప మిషను పిండిమర చప్పుడుతో లేచింది. తివాచీ వెనక తివాచీ, కుర్చీ వెనక కుర్చీ, నేల సందులూ మూలలూ, నుసంతా గొట్టంలోంచి వెనక్కి పోతోంది. హాల్లో చిన్న దగ్గు కూడా లేదు. యశోదమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. చివరి మూల దగ్గర కాలేషా వంగి ఉండగా, ఆ చప్పుడునూ మించి పెరట్లోంచి ఒక్కటంటే ఒక్క తుమ్ము వినబడింది. బావిలో బిందె జారిపడ్డట్టుంది ఆ తుమ్ము.

కిటికీలోంచి చూస్తే గోపాలకృష్ణయ్య. సాయంత్రం రావాల్సినవాడు పొద్దుటి బస్సుకే దిగాడు. పెరటి గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి బిగుసుకుపోయి ఉన్నాడు. వెనక భార్య, ఇంకో ఇద్దరు బంధువులు.

కాలేషా మొహం పాలిపోయి టక్కున మిషను కట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో గోపాలకృష్ణయ్య గొంతు స్పష్టంగా వినిపించింది. "ఒంటి తుమ్ము. వెనక్కి పదండి."

పెద్దాయన లోపలి కాలు ఎత్తాడు. ఆ కాలితోపాటు హాలు, మాగాణి, పుట్టింటి దగ్గర పరువు, అన్నీ లేచిపోతున్నట్టు కనిపించాయి యశోదమ్మకు.

"ఆపావేంది? వెయ్యి!" అంది.

"అక్కా, ఇంకా పోద్ది వాళ్ళ మీదకి..."

"పోవాలనే! ఒంటి తుమ్మేగా అపశకునం? రెండోది రానీ!"

కాలేషా ఆమెను ఒక్క క్షణం దొరసానిని చూసినట్టు చూసి, మీట నొక్కాడు. మిషను మళ్ళీ గర్జించింది. గొట్టం ఒక్క ఊపు ఊగింది. గోపాలకృష్ణయ్య ముక్కు ఎగరేశాడు, కళ్ళు మూశాడు, నోరు తెరిచాడు. వచ్చింది. రెండోది, మొదటిదానికి అన్నయ్యలాంటిది.

"జంట తుమ్ము!" అని ఆయన భార్య చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటూనే కేక పెట్టింది. "శుభమండీ, శుభం! పదండి లోపలికి!" అంటూ తనూ తుమ్మింది. ఆమె వెనక బంధువులిద్దరూ అందుకున్నారు. ఆ తరవాత లెక్క ఎవరికీ అందలేదు.

లోపలికొచ్చి పెద్దాయన కళ్ళు తుడుచుకుని, తివాచీ మీద అరచెయ్యి రాసి వాసన చూసుకున్నాడు. "లోపల హాయిగా ఉందమ్మా. బయటే ఏందో ఘాటు."

"పక్కింట్లో కారం దంచుతున్నారన్నయ్యగారూ."

పక్కిల్లు ఎక్కడుందని అడగడానికి పున్నయ్య నోరు తెరిచాడు. వదిన చూపు చూసి, తెరిచిన నోరు ఆవులింతగా మార్చుకున్నాడు.

హాలు ఖాయమైంది. మగపెళ్ళివారు కాఫీలకు కూచున్నప్పుడు యశోదమ్మ కాలేషాను పక్కకు పిలిచింది.

"ఆ ఇనపది నాకిచ్చెయ్యి. ఈ సీమలో ఏటా మిరపకాయలుంటయ్యి, ఏటా అకాల వాన పడుద్ది. బదులు నా కొత్తది తీసుకుపో."

"ప్లాస్టిక్‌దా?" అన్నాడు కాలేషా, అన్యాయం జరిగినవాడిలా. ఇనపదాని వీపు నిమిరాడు. "పాతదాని గట్టిదనం దీనికెక్కడిదక్కా. సరే. మీరడిగారు కాబట్టి."

ఉప్మా పళ్ళెం పట్టుకుని ఆమె వసారాలోకొచ్చేసరికి అక్కడెవరూ లేరు. ఇనప మిషను మాత్రం శుభ్రంగా తుడిచి, దాని పక్కన జాన్‌బీ కుట్టిన కొత్త సంచి ఒకటి మడతపెట్టి ఉంది.

ఆమె వీధిలోకి తొంగిచూసింది. బస్టాండు రోడ్డు మీద కాలేషా పోతున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇనుము మోసి మోసి కుడి భుజం కాస్త కిందికి వాలిన ఆ మనిషి, ఇవాళ భుజం మీద ఏమీ లేకుండా, చెయ్యి హాయిగా ఊపుకుంటూ నడుస్తున్నాడు. రెండో చేతిలో గొట్టం. గొట్టం చివర ఎర్రటి కొత్త మిషను, చక్రాల మీద మేకపిల్లలా ఎగిరెగిరి పడుతూ వెంట వస్తోంది.

"సాయిబూ! ఉప్మా అన్నా తినిపో!"

వినబడింది. నడక వేగం పెరగడాన్ని బట్టి ఆమెకు తెలిసింది. ఆయన మాత్రం వెనక్కి తిరగలేదు.