ఎడమచేతికి అమరిన ఆట

మొన్న ధర్మవరం వెళ్ళే రైల్లో, ఎదురుగా కూర్చున్న ఒకావిడ ఫోనులోంచి మన రోజుల్లో టీవీకి తగిలించి ఆడిన వీడియోగేము సంగీతం వినిపించింది. పెనుకొండ స్టేషను ఎప్పుడు దాటిందో తెలియలేదు. మనసు మా అన్న దగ్గరికి పోయింది.

తొంభైలలో సెలవులకు పెనుకొండ అత్తావాళ్ళింటికి పోయినప్పుడల్లా, బస్టాండు పక్క అంగట్లో అన్నా నేనూ పోటీపడి ఆడిన ఆట అది. తర్వాత అన్న ధర్మవరంలో మగ్గం నేసేవాడు, నేను హిందూపురంలో కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. రెండువేలు దాటిన కొన్నేళ్ళకు, బత్తలపల్లి దగ్గర బండి మీద నుంచి పడి అన్న కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. ఎడమచేత్తో తినడానికి మనసొప్పక, వదిన కలిపి పెడితే సిగ్గుపడి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎవరితోనూ మాట లేదు.

అప్పుడే నాతో పనిచేసే ఆయన బెంగళూరు నుంచి తెచ్చుకున్న చేతిలో పట్టుకుని ఆడే ఆటల యంత్రం, విసుగొచ్చి నాకిచ్చేశాడు. లోపల దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ లినక్స్. పాత యంత్రంలా నటిస్తూ పాత ఆటలను ఆడించే ఎమ్యులేటర్ అందులో ఉంది, మేం పెనుకొండలో ఆడిన ఆట కూడా ఆడేది గానీ, బొమ్మ నడవడానికి ఎడమచెయ్యి, ఎగరడానికి కుడిచెయ్యి కావాలి. మీటలు మార్చుకునే వీలు లేదు. ఆ ఎమ్యులేటర్‌ను రాసిన సోర్సుకోడు మాత్రం ఇంటర్నెట్లో అందరికీ దొరికేది. దాన్ని దించుకుని, ఎగిరే పనిని ఎడమ చూపుడువేలికి అందే పైమీటకు మార్చి యంత్రానికి అర్థమయ్యేలా కంపైల్ చేయబోతే తప్పుల మీద తప్పులు. పాఠాలయ్యాక కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళను ఫోరములలో అడిగి అడిగి నడిపిస్తే, బొమ్మ ఈడ్చుకుంటూ కదిలింది. శబ్దం నాణ్యత తగ్గించి, తెర సెట్టింగులు మార్చాక గాని దారికి రాలేదు.

ఒక ఆదివారం తీసుకుపోయి అన్న ఎడమచేతిలో పెట్టాను.

"ఏమ్మా, ఎగతాళి చేస్తాండావా?" అన్నాడు.

"ఒక్క చేత్తోనే ఆడొచ్చన్నా, చూడు."

మొదటి గుంతలోనే పడ్డాడు. "ఎగిరేది యాడ ఉండాది?" చూపించాను. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. అన్న గొంతు విని వదిన వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. గుంత దాటాక అన్న తలెత్తి, "సంగటి ఈడ పెట్టు, నేనే తింటా" అన్నాడు.

కుడిచెయ్యి మళ్ళీ మగ్గానికి రాలేదు. చీరలు అమ్మే పనిలోకి మారి, ఎడమచేత్తోనే మడతలు విప్పి చూపించడం నేర్చుకున్నాడు.

ఇప్పుడు ఏ ఆటైనా క్షణంలో దిగుతుంది, మీటలు ఎటు కావాలంటే అటు జరుగుతాయి. మంచిదే. కానీ ఆ ఒక్క మీట కోసం కూర్చున్న వారాలన్నీ నేను అన్న వేళ్ళు ఎంతదూరం అందుతాయో ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంకొకరి గురించి అంతసేపు ఆలోచించే పని నాకు మళ్ళీ పడలేదు.