మంచి పన్ను మీద అవ్వ చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు అల్లూరులో పంటినొప్పికి ముందు లవంగం, తరువాత కర్పూరం, ఆ తరువాత ప్రార్థన. ఈ మూడింటికీ లొంగని నొప్పి అయితే నెల్లూరు బస్సు ఎక్కాలి. అటువంటి రోజుల్లో ఒక కుర్ర పళ్ళ డాక్టరు గారు నెల్లూరు నుంచి ప్రతి శుక్రవారం వచ్చి, బస్టాండు వెనక ఒక గదిలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయన దగ్గర కాలితో తొక్కితే తిరిగే మిషను ఒకటుండేది. దాన్ని చూసి సగంమంది ఆయన్ను దర్జీ అనుకున్నారు. మిగతా సగంమంది దర్జీ అయితే బాగుండునని కోరుకున్నారు.

మా అవ్వకు, అంటే మా నాయన తల్లికి, కింది దవడలో నొప్పి పట్టుకుంది. ఆవిడ మా చర్చిలో ఆదివారం బడి నడిపేది. అబద్ధం ఆడకూడదని మా అందరికీ నేర్పింది ఆవిడే. పెద్దవాళ్ళు కూడా, ఫలానా మాట ఆవిడ చెప్పిందంటే ఇక వాదన ఆపేసేవాళ్ళు.

ఒక శుక్రవారం నన్ను తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి బయలుదేరింది. బయలుదేరే ముందు లవంగాలూ కర్పూరమూ కలిపి నూరి దవడ నిండా దట్టించుకుంది. పరాయి మనిషి ముందు మూలుగుతూ కూర్చోవడం ఆవిడకు మర్యాదగా తోచలేదు. అందుకని నొప్పి తగ్గించుకుని మరీ వెళ్ళింది.

డాక్టరు గారు సన్నటి ఇనప కడ్డీతో ఒక్కో పన్నూ తట్టి చూశారు.

"ఇదేనామ్మా నొప్పి?"

"ఊఁ."

"ఇదా?"

"ఊఁ."

"రెండూ ఎట్టవుతాయమ్మా?"

"మీకు తెలియంది ఏముందయ్యా. మీరు ఏదంటే అదే."

ఆయన ఆ రెండింట్లో ఆకువక్క వల్ల బాగా నల్లబడిన పన్ను ఎంచుకున్నారు. సూది వేసి తీశారు. తీసినదాన్ని కడిగి కిటికీ వెలుగులో పెట్టి చూశారు. ఎంతసేపు చూశారంటే, నేను కూడా వెళ్ళి పక్కన నిలబడి చూశాను. నాకు పన్నే కనిపించింది.

"అమ్మా, నేను మంచి పన్ను తీసినా," అన్నారు. "చెడింది దీని పక్కది. మీరు మందు పెట్టుకుని వచ్చినారని వాసన తెలుస్తానే ఉంది. మందు లేకుండా వచ్చే వారం రమ్మని పంపించాల్సింది. తొందరపడినా. తప్పు నాది."

నోట్లో దూదితో అవ్వ చెయ్యి అడ్డంగా ఊపింది, అదేం పెద్ద విషయం కాదన్నట్టు. ఆ గదిలో మేము ముగ్గురం తప్ప ఎవరూ లేరు. ఆయన ఊరుకుని ఉంటే పన్ను కూడా ఊరుకునేది. ఎందుకు చెప్పారో నాకు అర్థం కాలేదు. దారిలో అవ్వ దూది తీసి పారేసి, "చిన్న పిల్లోడు. ఈ మాట బయటికొస్తే ఆయన దగ్గరికి ఎవరు పోతారు? నువ్వు యాడా చెప్పబాక," అంది.

సాయంత్రం పక్కింటి పిన్ని వచ్చి అడిగింది. "పుచ్చిపోయిన పన్నేలే. బాగా తీసినాడు," అంది అవ్వ, నా వైపు చూడకుండా. నొప్పి పోయిందా అని పిన్ని అడిగితే, పోయిందని కూడా చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు దవడ పట్టుకునే ఉంది.

తరువాతి శుక్రవారం డాక్టరు గారు కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకూ, వాళ్ళు నోరు తెరవక ముందే, పోయిన వారం ఇక్కడ పొరపాటున ఒక మంచి పన్ను తీశానని, మందేమైనా పెట్టుకుని వచ్చి ఉంటే ముందే చెప్పమని చెప్పారట. ఎవరి పన్నో చెప్పలేదు. కాని ఆ పోయిన వారం ఊళ్ళో పన్ను తీయించుకున్నది మా అవ్వ ఒక్కతే.

ఊరు రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసింది. పుచ్చు పన్నని అవ్వ అంటోంది. మంచి పన్నని డాక్టరు అంటున్నాడు. అవ్వ అబద్ధం ఆడదు. టీ కొట్టు దగ్గర ఒకాయన తీర్పు చెప్పేశాడు. "తీయక ముందు తెలియలేదంటే సరేలే అనుకోవచ్చబ్బా. తీసి చేతిలో పెట్టుకున్నాక కూడా తెలియకపోతే ఏందది?"

ఆ పై శుక్రవారం గది ముందు ఒక్క జత చెప్పులు కూడా లేవు. డాక్టరు గారు సాయంత్రం దాకా ఒక్కరే కూర్చుని బస్సెక్కి పోయారు. డాక్టరు గది ఖాళీ చేస్తానన్నాడని ఆ ఇంటి యజమాని నలుగురికీ చెప్పాడు. ఆయన నిజం చెప్పి చెడిపోతున్నారా, మా అవ్వ అబద్ధం వల్ల చెడిపోతున్నారా అని నేను చాలా తన్నుకులాడాను. అవ్వ అబద్ధం ఆడింది ఆయన్ను కాపాడటానికే. ఆదివారం బడిలో ఈ పాఠం ఇంకా రాలేదు.

మా చర్చిలో ఆరాధన చివర ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పే ఆనవాయితీ ఉంది. జ్వరం తగ్గిందనో, గాలివానలో పడవ ఒడ్డు చేరిందనో చెబుతారు. ఆ ఆదివారం అవ్వ లేచింది.

"డాక్టరు గారు చెప్పిందే నిజం. అది మంచి పన్నే. నేను అబద్ధమాడినా. పుచ్చింది ఇంకా నా నోట్లోనే ఉంది," అని చెప్పి కూర్చుంది.

సాక్ష్యం తరువాత పాట ఎత్తుకోవడం అలవాటు. పంటికి సరిపోయే పాట ఏదో తోచక పాస్టరు అయ్యగారు కాసేపు పుస్తకం తిరగేశారు. ఆవిడ దగ్గర చదువుకునే పిల్లలమంతా ముందు చాపల మీద కూర్చుని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

శుక్రవారం లవంగమూ కర్పూరమూ లేకుండా మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. చర్చి ఆడవాళ్ళు కొందరు వెంట వచ్చారు, చూడ్డానికో చూపించుకోవడానికో తెలియదు. కడ్డీ తగలగానే అవ్వ పెట్టిన కేక బస్టాండు దాకా వినిపించింది. ఈసారి ఆయనకు అడగాల్సిన పని లేకపోయింది.

పన్ను తీయడం అయ్యాక అవ్వ, "నేను కప్పెట్టేదాన్ని గదయ్యా, మీరెందుకు చెప్పుకుంటా వచ్చినారు?" అని అడిగింది.

"మీరు కప్పెడితే నేను మళ్ళీ అదే తప్పు చేస్తానమ్మా," అన్నారాయన, చేతులు కడుక్కుంటూ.

అవ్వ అబద్ధంలో తప్పెంతో ప్రేమెంతో నేను ఇప్పటికీ విడదీయలేను. కాలేజీలో తర్కశాస్త్రం చదివాను, అది కూడా అక్కరకు రాలేదు. ఒక్క అలవాటు మాత్రం మిగిలింది. ఎవరైనా వచ్చి పొరపాటు చేశానని చెబితే, 'అయ్యో, దాందేముందిలెండి' అనే మాట నోటిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపుకుని, వాళ్ళు చెప్పేదంతా చివరిదాకా వింటాను. చాలామందికి ఇది మర్యాదగా అనిపించదు.